తృప్తి పడ్డవాళ్ల సాహిత్యం

నవలలు రాసేవాళ్లకి దుఃఖం ఎంత సుళువో తృప్తి అంత కష్టం. ఏడిచే మనిషిని పాతిక పేజీలు నడిపించవచ్చు. అనుమానించే భర్తనీ, సాధించే అత్తగారినీ వారం వారం సీరియల్‌గా సాగదియ్యవచ్చు. హాయిగా వున్న మనిషిని మాత్రం రెండు పేరాల కన్న ముందుకి తోయలేం. అందుకే మా నవలల్లో కథానాయిక మొహాన తృప్తి కనపడగానే ముగింపు వచ్చిందన్న మాట. అక్కడితో ఆవిణ్ణి వదిలేసి చేతులు దులుపుకుంటాం.

ఇలాంటప్పుడు తృప్తినే వస్తువుగా పెట్టుకున్న సాహిత్యం ఒకటుందంటే కుతూహలం కలగదూ! అదీ వందా రెండు వందల ఏళ్ల నుంచి తెలుగులో అచ్చవుతూ, మన సాహిత్య చరిత్రల్లో ఓ మూల చాపేసి కూచోబెట్టిన సాహిత్యం. క్రైస్తవుల కీర్తనలు, సాక్ష్యాలు, కావ్యాలు. మతం సంగతి మతం వాళ్లకి వదిలేసి, పాఠకురాలిగా నాకు కావలసింది ఒక్కటే. ఈ రాతల్లో మనశ్శాంతి దొరికిందని చెప్పిన మనిషి మాట ఎప్పుడు నమ్మబుద్ధేస్తుంది, ఎప్పుడు వెయ్యదు?

ముందు నమ్మబుద్ధెయ్యని వాటి సంగతి చెప్పేస్తాను. సభలో లేచి నిలబడి, తన బ్రతుకులో దేవుడేం చేశాడో చెప్పడాన్ని సాక్ష్యం అంటారు. అవి చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చయి మహాసభల దగ్గర అమ్ముడుపోతూ వుంటాయి. అలాంటివి చాలా చదివాను. నూటికి తొంభై ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదటి సగం తాగుడు, పేకాట, పెళ్లాన్ని కొట్టడం. మధ్యలో ఓ రాత్రి, ఓ స్వరం. చివర సంతోషం. ఆ రాత్రి తర్వాత ఆ ఇంట్లో పాలు విరగవు, పిల్లాడికి జ్వరం రాదు, అప్పులవాడు గుమ్మం ఎక్కడు. ఆ మనిషి అబద్ధం చెపుతున్నాడనను. కాని రాతలో అబద్ధం వచ్చి కూచుంది. పెళ్లితో ఆగిపోయిన మా నవలలకీ వీటికీ ఏం తేడా వుంది చెప్పండి?

ఈ సాక్ష్యాలన్నిటికీ మూలపురుషుడు అగస్టీన్. ఆయన మనసు తిరిగింది 386లో. ఆ కథ రాయడం మొదలుపెట్టింది దాదాపు పదేళ్లు దాటాక. మనస్సు మారిన ఘట్టం దగ్గర పుస్తకం ముగించెయ్యవచ్చు కదా, ముగించలేదు. పదో భాగంలో కూచుని, ఇప్పటికీ నాకు ఏవేవి లొంగలేదు అని లెక్క చూసుకుంటాడు. అందులో తిండి ఒకటి! ఆకలికి తింటున్నానో, రుచి కోసం తింటున్నానో ఇప్పటికీ తేలటం లేదంటాడు, అప్పటికే బిషప్పు అయిన మనిషి. ఆ పేజీలు చదివాక ముందు చెప్పిందంతా నమ్మబుద్ధేస్తుంది.

మన దగ్గరా అలాంటి మెరుపులు లేకపోలేదు. బర్కత్‌పుర నుంచి చిక్కడపల్లి మీదుగా ముషీరాబాదు వైపు వెడితే గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను వుంది. దాన్ని స్థాపించిన భక్తసింగ్ పంజాబు సిక్కు. ఇంజనీరింగు చదవడానికి ఇంగ్లండు, కెనడా వెళ్లి, క్రైస్తవుడై 1933లో తిరిగి వచ్చాడు. 2000 సెప్టెంబరులో పోయాడు. నారాయణగూడ శ్మశానంలోనే సమాధి చేశారు. ఆయన చెప్పుకున్న సాక్ష్యంలో ఒక చిన్న సంగతి వుంది. కుర్రతనంలో ఎవరో బైబిలు చేతిలో పెడితే, కాగితాలు చింపిపారేసి అట్ట మాత్రం బావుందని దాచుకున్నాడట! ఎన్ని వేల ఉపన్యాసాలు చేశాడో గాని, నా మటుకు నాకు ఆ అట్ట చాలు. కల్పించేవాడికి అట్ట దాచుకోవడం తట్టదు. మండిపోతున్న కోపంలో కూడా మంచి తోలు అట్టని చూసి ఆగిన ఆ కుర్రాడు మనిషి. వాడి మాట వింటాం.

తృప్తి అన్న మాటనే చూడండి. తర్పణం అన్నదానికీ దీనికీ ధాతువు ఒకటే. పోయిన పెద్దలకి నువ్వులూ నీళ్లూ వదిలి కడుపు నింపడం తర్పణం. నిండితే కలిగేది తృప్తి. అంటే మన భాషలో ఈ మాట పుట్టుక ఆత్మలోంచి కాదు, కడుపులోంచి. మా పేట పేరులో వున్న 'బర్కత్' కూడా ఆ పక్కదే. జీతం వచ్చీ రాకుండానే అయిపోతే, 'ఈ డబ్బులో బర్కత్ లేదమ్మా' అంటారు ఇక్కడ. డబ్బు వుంది, నిండటం లేదు అని అర్థం.

బైబిల్లో దీని గురించి అందరూ చెప్పే మాట పౌలుది. కలిగినా లేకపోయినా ఏ స్థితిలోనైనా తృప్తిగా వుండటం నేర్చుకున్నానని ఫిలిప్పీయులకి రాశాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాట స్తోయిక్ తత్వవేత్తలది. ఎవరి మీదా ఆధారపడకుండా తనకు తాను చాలినవాడు అని వాళ్ల అర్థం. ఒక విధంగా చుట్టూ గోడ కట్టుకున్న మనిషి. ఐతే పౌలు ఆ మాట రాసిన సందర్భం తమాషాగా వుంటుంది. ఆయన బందీగా వున్నాడు. ఫిలిప్పీ వూరివాళ్లు ఒక మనిషి చేత సాయం పంపించారు. అది అందింది, సంతోషం అని చెప్పే ఉత్తరంలో ఈ మాట వచ్చింది. నాకేమీ అక్కర్లేదంటూనే, మీరు పంపింది ముట్టింది, మంచి పని చేశారంటాడు. గోడ వుందిగాని దానికి తలుపు కూడా వుంది. నాకు ముఖ్యంగా తోచింది, 'నేర్చుకున్నాను' అన్న క్రియ. ఆకాశంలోంచి ఊడిపడింది అనలేదు. సంగీతం నేర్చుకున్నట్టు నేర్చుకున్నాడన్న మాట.

సంగీతం అన్నాను కాబట్టి కీర్తనల దగ్గరికి వస్తాను. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అన్న పుస్తకం చూడనివాళ్లు, పరాయి బాణీలకి తెలుగు మాటలు అతికించి వుంటారనుకుంటారు. తెరిచి చూస్తే పాట నెత్తిన రాగం పేరూ, తాళం పేరూ వుంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు. ఈ బాట వేసినవాళ్లలో పెద్దవాడు పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టి 1890లో పోయాడు. పూర్వీకులు బెంగాలీ బ్రాహ్మణులు. 1833లో కటకంలో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. అప్పటికి తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఇంకా కీర్తనలు చెపుతూనే వున్నారు. అంటే త్యాగయ్య రాముణ్ణి నిలవేస్తున్న రోజుల్లోనే, ఇక్కడ ఈయన క్రీస్తుని అదే చనువుతో, అదే పేదరికంతో అడుక్కుంటున్నాడు.

చౌదరి గారి పాటల్లో నన్ను ఆపేసిన సంగతి ఏమిటంటే, శాంతి దొరికింది అనే పాట కన్న, రక్షించవా అని ప్రాధేయపడే పాట బలంగా వుంటుంది. బాప్తిస్మం అయిపోయింది. బోధకుడూ అయ్యాడు. ఇంకా ఎందుకీ ప్రాధేయం? గోల్కొండ చెరసాల్లో రామదాసు రాముణ్ణి పెట్టిన ఖర్చు లెక్కలడిగిన దేశం మనది. భక్తుడన్నవాడు దేవుడి ముందు తృప్తిగా కూచుంటే అతనికి పాట రాదు. చౌదరి ఆ సంప్రదాయంలోంచి లేచి వెళ్లిపోయాడు గాని, ఆ సంప్రదాయం ఆయనలోంచి లేచి వెళ్లలేదు. కొత్త దేవుడితో పాత చనువు. ఆ చనువులో మనశ్శాంతి వుంది. అడుక్కుంటే వినేవాడున్నాడన్న ధీమాయే ఆ శాంతి. విచిత్రం ఏమిటంటే, పాటలో ఎక్కడా ఆ మాట చెప్పనక్కర్లేదు, గొంతులో వినపడిపోతుంది.

మా వీధిలో ఓ పెద్దావిడ వుంది. నర్సుగా రిటైరైంది. పొద్దున్నే కుక్కరు పెట్టి, ఆ కూతల మధ్య ఈ కీర్తనలు పాడుకుంటుంది. కీర్తనల పుస్తకానికి బ్రౌను పేపరు అట్ట, మీద నూనె మరకలు. 'పిన్నిగారూ, ఇంత ఏడుపు పాట పొద్దున్నే ఎందుకండీ?' అని అడిగాను ఓసారి. 'ఏడుపెక్కడుందమ్మా, అడుగుతున్నాను గదా' అంది. 'అడిగేవాళ్లు ఏడుస్తున్నట్టేనా? రోజూ పాలవాణ్ణి అడగటంలే, ఇంకో అర లీటరు పొయ్యమని!' చౌదరి గారి మీద ఇంతకన్న మంచి విమర్శ నేను చదవలేదు.

ఇంతవరకూ చదివినవాళ్లకి ఒక అనుమానం వచ్చి వుంటుంది. బ్రాహ్మణుడైన చౌదరి ఆత్మశాంతి కోసం వెతుక్కున్నాడు సరే, వేలకి వేలు మతం మారిన మాలమాదిగలు వెతుక్కున్నది ఏమిటి? దీనికి మన పల్లెల్లో ఏనాటినుంచో ఓ వెటకారం సిద్ధంగా వుంది: గంజి కోసం కలిశారు అని. 1876–78 కరువులో ఒంగోలు దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ, బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి పని చూపించాడు. ఆశతో వస్తారన్న అపవాదుకి భయపడి, కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. చివరికి 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు.

వెటకారం చేసేవాళ్లూ, దాన్ని ఖండించేవాళ్లూ, ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారని నాకనిపిస్తుంది. గంజి కోసం వచ్చారంటే అదేదో తక్కువ సంగతైనట్టు ఒకరు తిడతారు. కాదు కాదు, కేవలం ఆత్మ కోసమే వచ్చారని ఇంకొకరు కంగారుపడతారు. కడుపుకీ ఆత్మకీ మధ్య ఇంత ఎత్తు గోడ కట్టింది ఎప్పుడూ కడుపునిండినవాళ్లే. ఊరి బావి దగ్గర దోసిలి పట్టి పైనుంచి పోస్తే తాగిన మనిషికి, ఎదటివాడు తన పక్కన చాపమీద కూచుని ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటే, అది అన్నమా, మోక్షమా? హెబ్రోనులో ఆరాధన అయ్యాక అందరూ బారులు తీరి నేలమీద కూచుని కలిసి భోంచేస్తారు. ప్రేమవిందు అంటారు దాన్ని. సిద్ధాంతం సంగతి నాకు తెలీదు గాని, పంక్తి అన్న మాట వెనక ఈ దేశంలో ఎంత చరిత్ర వుందో తెలిసినవాళ్లకి ఆ విందు కూడా ఒక సాక్ష్యమే.

జాషువా దగ్గరికి రావడానికి ఇంత దూరం నడవాల్సొచ్చింది. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. క్రీస్తు కథని 'క్రీస్తు చరిత్ర' పేర కావ్యం చేస్తే 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఈ వ్యాసం వస్తువుకి అంతకన్న తగిన పుస్తకం వుండదు గదా! అయినా, మీ ఇంట్లో పెద్దవాళ్లని జాషువా పద్యం ఒకటి చెప్పమనండి. 'గబ్బిలం' పద్యమో, శ్మశానం పద్యమో చెపుతారు. 'క్రీస్తు చరిత్ర' పద్యం చెప్పేవాళ్లు అరుదు.

ఎందుకలా? పద్యం నడక తక్కువై కాదు. జాషువా చెయ్యి తప్పటమన్నది లేదు. నాకు తోచిన కారణం, 'క్రీస్తు చరిత్ర'లో కవికీ దేవుడికీ మధ్య తగాదా లేదు. కరుణామయుడైన నాయకుణ్ణి భక్తిగా, నిండుగా వర్ణిస్తూ పోయాడు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో అలా కాదు. అందులో అరుంధతీ సుతుడు గుళ్లోకి వెళ్లలేడు. గబ్బిలం వెళ్లగలదు. ఆ పక్షి చేత శివుడికి కబురు పెడతాడు, పూజారి దగ్గర లేనప్పుడు చెవిలో వెయ్యమని. క్రైస్తవుల ఇంట పుట్టిన కవి తన కడుపుమంట చెప్పుకోవడానికి శివుణ్ణి ఎంచుకున్నాడు చూడండి! క్రీస్తుతో ఆయనకి పేచీ లేదు. పేచీ వున్నది తలుపులు మూసిన వాళ్లతోటి. ఏ గుమ్మం ముందు అవమానం జరిగిందో ఆ గుమ్మం దగ్గరే అరవాలి. పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవులు కూడా ఆయన్ని వెలివేశారంటారు. అటు గుడీ ఇటు సంఘమూ రెండూ గెంటేస్తే, మనిషికి మిగిలేది పద్యం ఒక్కటే.

ఇక్కడే నాకు 'తృప్తి' అన్నమాట మీద వున్న భయం కూడా చెప్పాలి. ఈ మాట మనం ఎవరికి ఎక్కువ చెపుతాం? ఇంట్లో ఆడపిల్లకి, పొలంలో పాలేరుకి, చాలని జీతంతో నెట్టుకొచ్చేవాడికి. ఉన్నదాంతో తృప్తి పడు అని. చెప్పేవాడు ఎప్పుడూ లేనివాడు కాడు. పౌలు తనకు తాను చెప్పుకున్న మాటని ఇంకొకరికి చెప్పగానే అది జోలపాటై కూచుంటుంది. క్రైస్తవ రచనల్లో నాణ్యమైన వాటికీ నాసివాటికీ తేడా పట్టుకోవాలంటే నేను చూసేది ఇదే. రచయిత తన తృప్తి చెప్పుకుంటున్నాడా, నన్ను తృప్తిపడమంటున్నాడా?

ఈ తూకంలో నిలిచిన నవల జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం'. 2000లో వచ్చింది. కరువులో శివయ్య, శశిరేఖ వూరు వదిలి ఆ బకింగ్‌హాం కాలవ దగ్గరికే వెడతారు. ఆకలి అందరిదీ ఒకటే అయినా అక్కడ కూడా కులం అడ్డం వచ్చి వీళ్లని పనిలోకి రానివ్వదు. మిషను చరిత్రల్లో కాలవ తవ్వకం ఉపకార కథ. ఈ నవలలో ఆ ఉపకారపు గట్టు దగ్గర కూడా ఎవరు ఎవర్ని నెట్టేశారో కనపడుతుంది. శివయ్య సైమన్ అవుతాడు. అతని కొడుకు రూబేను. రూబేను భార్య రూతు జ్ఞాపకాల్లోంచే మనకీ కథంతా వస్తుంది. తర్వాతి తరాల వాడు జెస్సీ విప్లవోద్యమంలోకి వెళ్లిపోతాడు.

ఈ నవల మీద రాసినవాళ్లు సాధారణంగా ఆ చివరి మలుపు గురించే రాస్తారు. నాకు మాత్రం రూతే కావాలి. ప్రార్థన చేసుకునే ముసలావిడ. ఆవిడ భక్తిని రచయిత వెక్కిరించడు. నవల రాజకీయం తెలిసినవాళ్లకి ఇది ఆశ్చర్యంగానే వుంటుంది. అలా అని ఆ భక్తి దగ్గర కథని ఆపెయ్యడు కూడా. పాత తరాల పాటనీ ఆటనీ గుర్తుపెట్టుకుని చెప్పేంత ప్రశాంతత ఆవిడకి విశ్వాసం ఇచ్చింది. మర్చిపోయి హాయిగా వుండమని చెప్పే ప్రశాంతత కాదది. ఐతే నాకో ఫిర్యాదు వుంది. నవల పరుగులో రూతు రోజు ఎలా గడిచిందో కనపడదు. ఆవిడ జ్ఞాపకాలు విన్నాం గాని ఆవిడ వంట వాసన తగల్లేదు. ఉద్యమాల మీద ప్రేమ వున్న మగ రచయితలకి ఈ లోపం మామూలే లెండి.

ఆ వంట వాసన మరాఠీలో దొరికింది. లక్ష్మీబాయి తిలక్ 'స్మృతిచిత్రే' అని 1930లలో తన కథ రాసింది. భర్త నారాయణ వామన తిలక్ పేరున్న కవి. 1895లో చెప్పాపెట్టకుండా క్రైస్తవుడయ్యాడు. మడీ ఆచారం వున్న ఇంటి ఆడపిల్ల ఏం కావాలి? చిన్నప్పుడు ఆవిడ తండ్రికి మడి పిచ్చి, ఇంట్లోకొచ్చిన ప్రతిదీ ఉప్పుతో సహా కడగాల్సిందే! ఆవిడ సుమారు ఐదేళ్లు భర్తకి దూరంగా వుంది. తర్వాత అతని దగ్గరికి వెళ్లినా మడి వదల్లేదు, వేరేగా వండుకుంది. నెమ్మదిగా, ఒకనాడు ఒకరి చేతి నీళ్లూ, ఇంకోనాడు ఇంకొకరి అన్నమూ. చివరికి 1900లో తనూ బాప్తిస్మం తీసుకుంది. సాక్ష్యాల పుస్తకాల్లో ఒక్క రాత్రిలో అయ్యే పని, ఈవిడకి ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లనీ ఎక్కడా దాచకుండా, మొగుడి తిక్కనీ తన మూర్ఖత్వాన్నీ కలిపి నవ్వుతూ రాసింది. క్రైస్తవురాలయ్యాక కూడా మొగుడు చేతికొచ్చిన డబ్బు ఎవరికో ఇచ్చి ఇంటికొస్తూనే వున్నాడు, ఈవిడ సాధిస్తూనే వుంది. తృప్తి పడ్డ మనిషి సాధించకూడదని రూలు లేదని ఆ పుస్తకం చదివాకే తెలుస్తుంది. మనసులో శాంతి వున్న మనిషి ఇంత గట్టిగా నవ్వగలదని, ఇంత గట్టిగా పోట్లాడగలదని నేను ఇంకే పుస్తకంలోనూ చూడలేదు.

మన తెలుగులో ఆ స్థానం ఖాళీగా వుంది. చౌదరి గారి కీర్తనలు వున్నాయి. ఆయన్ని అనుసరించి వచ్చిన భార్య గొంతు మనకి దక్కలేదు. ఇంటింటికీ తిరిగి చదువు చెప్పిన బైబిలు స్త్రీలు ఎందరో వున్నారు. మిషనాస్పత్రుల్లో నైట్ డ్యూటీలు చేసి, తమ్ముళ్లని చదివించి, పెళ్లి మాట మర్చిపోయిన నర్సులున్నారు. వీళ్ల చేత ఎవరైనా రాయిస్తే, మొదటి సగం పాపం చివరి సగం సంతోషం అన్న అచ్చులో పొయ్యకుండా రాయిస్తే, నేను క్యూలో నిలబడి కొనుక్కుంటాను. మా వీధి పిన్నిగారితో ఈ మాటే అన్నాను. 'నాకేం రాయడానికుందమ్మా, అంతా బానే వుందిగా' అంది. బావుండటం గురించే రాయమన్నాను. కాసేపు ఆలోచించి, 'అయితే కొంచెం పెద్ద పుస్తకం కావాలి' అంది.